రెండు రొట్టెలంటే ఎంత పిండి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన రొట్టెల వ్యాసం గురించి రాస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్లు, ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లు రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలో రెండు జొన్న రొట్టెలో తింటే పిండిపదార్థం తగ్గిపోతుందని అందులో రాశారు. చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ రెండు రొట్టెలు ఎంతెంత ఉండాలో వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. నా పేచీ అక్కడే.

మాది హనుమకొండ. వడ్డేపల్లి దిక్కు మాకో పిండి గిర్ని ఉంది. మా మామయ్య పెట్టింది, ఇప్పుడు నేను నడిపిస్తున్నాను. నేను డాక్టరును కాను, డైటీషియన్ను అంతకన్నా కాను. కానీ మా వాడకట్టులో ఏ ఇంట్లో ఏ పిండి నెలకు ఎంత ఖర్చవుతుందో నాకు తెలిసినంత వాళ్ల డాక్టర్లకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

వెనకటికి మా గిర్నికి సంక్రాంతి ముందు సకినాలకు తడి బియ్యం వచ్చేవి. పెళ్లిళ్ల కాలంలో శనగపప్పు, మినుములు. గోధుమలంటే నెలకో ఐదు కిలోలు, అదీ చదువుకునే పిల్లలున్న ఇళ్లలో. జొన్నలు తెచ్చేది పరకాల దిక్కు నుంచో నర్సంపేట దిక్కు నుంచో కొడుకుల దగ్గరికి వచ్చి ఉంటున్న ముసలోళ్లే. ఇప్పుడు లెక్క తిరగబడింది. పొద్దున షట్టర్ లేపేసరికి గోధుమల డబ్బాలు, జొన్నల సంచులు వరుసగా ఉంటున్నాయి. వాటిలో సగానికి సగం 'షుగర్ పిండి'. అంటే గోధుమల్లో కొన్ని శనగలు, కొన్ని రాగులు, సజ్జలు, సోయా, గుప్పెడు మెంతులు. ఎవరి పాళ్లు వాళ్లవి. ఎవరో చుట్టం చెప్పిందో, ఫోన్లో వీడియో చూసిందో, అదే వేదం.

ఈమధ్య ఒకామె పది కిలోల జొన్నల సంచి దించింది. "అక్కా, మా ఆయనకు షుగర్ మూడు వందలు దాటింది. రేపటి సంది అన్నం బంద్. ఇగ రొట్టెనే. జర మెత్తగ పట్టు" అంది. ఇది ఎంతమందికి, ఎన్ని రోజులకు అని అడిగాను. "ఆయన ఒక్కనికే. నెలకు సరిపోతయో లేదో" అంది.

పది కిలోలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 330 గ్రాముల పిండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు విడుదల చేసింది. రెండు వేల కాలరీలు తినే మనిషికి రోజు మొత్తానికి ధాన్యాలన్నీ కలిపి సుమారు 250 గ్రాములు పెట్టింది. బియ్యమైనా, గోధుమలైనా, జొన్నలైనా, అన్నీ ఆ 250లోనే. ఈయన ఒక్క రొట్టెలతోనే దాన్ని దాటేశాడు. అన్నం బంద్ పెట్టి మరీ దాటేశాడు. ఆ ఇంట్లో ఎవరూ మోసం చేయడం లేదు. డాక్టరు చీటీ మీద 'రాత్రి 2 రొట్టెలు' అని ఉంది, ఆమె నిష్ఠగా రెండే చేస్తోంది. పొద్దున టిఫినుకు రెండు, మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు. కాకపోతే ఆమె చేసే రొట్టె పళ్లెమంత.

ఆమె వెళ్లాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. గిర్నిలో కాంటా ఎలాగూ ఉంది. మా ఇంట్లో పుల్కాకు చేసే ముద్ద, మా ఆడబిడ్డ ఇంట్లో చపాతీ ముద్ద, పక్క సందులో హాస్టల్ పిల్లలకు వండే మెస్సు ముద్ద, చౌరస్తా దగ్గర సాయంత్రం జొన్న రొట్టెలు చేసి అమ్మే అక్క దగ్గర రొట్టె పిండి, అన్నీ తూచాను. మా పుల్కా ముద్ద యాభై గ్రాములు తూగింది. నీళ్లు పోగా అందులో పిండి ముప్పై గ్రాములు. మెస్సు చపాతీలో పిండి యాభై గ్రాములకు తగ్గలేదు. జొన్న రొట్టె అక్కను అడిగితే నవ్వి, "గిన్నెతోని పోస్త, ఎవలు తూస్తరు చిన్నమ్మా" అంది. ఆ గిన్నెడు పిండి తూస్తే డెబ్బై గ్రాములు. ఇళ్లల్లో చేసే జొన్న రొట్టె అరవై దగ్గర ఉంటోంది.

ఇప్పుడు ఈ తూకాలను పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికతో కలిపి చూడండి. వంద గ్రాముల గోధుమ పిండిలో పిండిపదార్థం 64 గ్రాములు. జొన్నల్లో 68కి దగ్గర. పచ్చి బియ్యంలో 78. అంటే ముప్పై గ్రాముల పుల్కా ఒక్కదాంట్లో 19 గ్రాములు, రెండు తింటే 38, 39. అరవై గ్రాముల జొన్న రొట్టె ఒక్కటి తింటే 40. వండిన అన్నం 150 గ్రాములు తింటే, అంటే కూర గరిటెతో రెండు గరిటెలు పెట్టుకుంటే, అదీ నలభైకి అటూ ఇటే. రెండు పుల్కాలు, ఒక జొన్న రొట్టె, రెండు గరిటెల అన్నం. మూడూ ఒక్కచోటికే వస్తున్నాయి. అన్నం తీసి ఈ రొట్టెలు పెట్టడం కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకోవడమే. ఇక మీ వ్యాసంలో రాసినట్టు రెండు జొన్న రొట్టెలు, అదీ చౌరస్తా అక్క చేసే డెబ్బై గ్రాముల రొట్టెలు తింటే 95 గ్రాములు. మూడు వందల గ్రాముల అన్నంలో కూడా అంత ఉండదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడే ఉంది. జొన్న రొట్టె బరువు ఎక్కువ ఉండడానికి కారణం తినేవాళ్ల ఆశ కాదు, పిండి గుణం. గోధుమ పిండి తడిపి పిసికితే అందులోని గ్లూటెన్ అనే జిగురు సాగుతుంది. చపాతీ కర్రతో ఎంత పల్చగా నెట్టినా చిరగదు, పెనం మీద పొంగుతుంది. జొన్నల్లో గ్లూటెన్ లేదు. అందుకే ఎసరు మరిగించి, ఆ వేడి నీళ్లు పోసి, చేయి కాలుతున్నా అరచేతి మడమతో మెదిపితే తప్ప పిండి ముద్దకు రాదు. తర్వాత పొడి పిండి చల్లుకుంటూ చేత్తో కొట్టాలి. పెనం మీద వేశాక పైన తడి బట్టతో తుడవాలి, తిప్పాలి, నిప్పుల మీద పొంగించాలి. మా అత్తమ్మ చేస్తే అంచు నుంచి అంచు దాకా ఒకే మందం ఉండేది, ఎత్తి చూస్తే వెలుగు కనపడేది. ఆ చేతివాటం ఇప్పుడు ఎందరికుంది? పల్చగా కొడితే చిరుగుతుందని మందంగా చేస్తారు. మందంగా ఉంటే పిండి ఎక్కువ. మంచిదని మొదలుపెట్టిన రొట్టెలోనే పిండి రెండింతలు పడుతోంది.

రొట్టెలో మేలు లేదని కాదు. ఉంది. వంద గ్రాముల గోధుమల్లోనూ జొన్నల్లోనూ పీచు పది పదకొండు గ్రాములు, పాలిష్ బియ్యంలో మూడు కూడా లేదు. మాంసకృత్తులూ కాస్త ఎక్కువే. పైగా రొట్టెను లెక్కపెట్టొచ్చు, అన్నాన్ని లెక్కపెట్టలేం. మన కంచంలో అన్నం ఒకసారి వడ్డిస్తే అయిపోయేది కాదు గదా. కూరలోకి కొంత, పప్పులోకి కొంత, పచ్చిపులుసులోకి కొంత, చివర పెరుగులోకి కొంత. ప్రతి గిన్నెకూ కంచంలో కొత్త అన్నం పడుతుంది. రొట్టెకు ఆ గోల లేదు, రెండంటే రెండే.

రెండంటే రెండే అన్నాను గానీ, మన ఇళ్లల్లో జరిగేది వేరే. రెండు చపాతీలు తిన్నాక "జరంత పెరుగన్నం తినకపోతే తిన్నట్టు ఉండదు" అని గిన్నె దగ్గరికి లాక్కునేవాళ్లే ఎక్కువ. మా ఇంటాయన ఆ బాపతే. అప్పుడు చపాతీ అన్నానికి బదులు కాదు, అన్నానికి తోడు. ఇక చపాతీలోకి కూర ఏమిటంటే, ఏ ఇంట్లో చూసినా ఆలుగడ్డ కుర్మా. పిండిలోకి పిండి. బీరకాయ, వంకాయ, చిక్కుడు, పుంటికూర, చుక్కకూర అన్నంలోకే బాగుంటాయని మన నాలుకకు ఒక పట్టింపు. పుంటికూర పప్పుతో పుల్కా తిని చూడండి, ఏమీ తక్కువ ఉండదు.

పిండి మెత్తగా పట్టమనే మాట గురించి కూడా చెప్పాలి. అందరిదీ ఆ మాటే. మెత్తటి పిండితో రొట్టె సాఫీగా వస్తుంది, నిజమే. కానీ పిండి ఎంత మెత్తగా ఉంటే కడుపులో అంత తొందరగా అరిగి చక్కెర అంత తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. కొందరైతే ఇంటికి తీసుకుపోయి సన్న జల్లెడ పట్టి పొట్టు చెత్తబుట్టలో పోస్తారు. ఏ పీచు కోసం అన్నం మానారో ఆ పీచు అందులోనే పోతుంది. నేను ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ల గోధుమలకు గిర్ని రాళ్లు కాస్త ఎడం పెట్టి బరకగా పడుతున్నాను. ముందు గొణిగినవాళ్లు కూడా అలవాటుపడ్డారు.

జొన్నల మీద మనకు ఇంకో భ్రమ ఉంది. "మా తాతలు జొన్న గట్క, జొన్న రొట్టె తిని నూరేండ్లు బతికిన్రు, షుగర్ ఎరుగరు" అని గిర్ని అరుగు మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషీ అంటాడు. కాకతీయ కాలువ నీళ్లు పారకముందు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రాకముందు మన పల్లెల్లో వరి అన్నం పండుగ కూడే, కాదనను. కానీ ఆ తాతలు పొద్దు పొడవక ముందు చెల్కకు పోయి పొద్దు గూకినాక వచ్చేవాళ్లు. తిన్న జొన్నలన్నీ ఒంట్లోనే కరిగేవి. వాళ్ల తిండి పట్టుకుని, స్కూటీ మీద తిరుగుతూ, లిఫ్టు ఎక్కుతూ, వాళ్ల ఆరోగ్యం కావాలంటే ఎలా వస్తుంది? పైగా ఆ రోజుల్లో షుగర్ పరీక్ష చేయించుకున్నదెవరు?

ఈ మాట నేను గాలిలోంచి అనడం లేదు. 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఐసీఎంఆర్-ఇండియాబ్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి దేశమంతా తిరిగి చేసిన పని. మన జనం తిండిలో వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తోందని తేల్చారు. తెల్ల బియ్యం తీసేసి గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినా, మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే షుగర్ ముప్పులో తేడా కనపడలేదట. తేడా ఎక్కడ కనపడిందంటే, పిండిపదార్థం నుంచి వచ్చే శక్తిలో ఐదు శాతాన్ని పప్పులు, పాలు, గుడ్లు, చేపల్లాంటి వాటి మాంసకృత్తులకు మళ్లించిన చోట. రెండు వేల కాలరీల మనిషికి ఐదు శాతమంటే 25 గ్రాముల పిండిపదార్థం. మా పుల్కా ఒకటి, ఇంకో తుంపు. దాన్ని తీసి ఆ చోట గుడ్లో పప్పో పెట్టుకోవాలన్నమాట. ఇదే సంస్థల లెక్క 2023లో వచ్చినప్పుడు దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని మీ పత్రికలో మొదటి పేజీలోనే చదివాను. ఈ తిండి అధ్యయనం అంత పెద్ద అక్షరాల్లో రాలేదు. పనికొచ్చేది మాత్రం ఇదే.

ఇటు చివర ఇలా ఉంటే అటు చివర ఇంకొందరు. కొన్నేండ్ల కింద ఊరూరా కొబ్బరి నూనె, నిమ్మకాయలు, సూపుల డైట్ ఊపేసింది గుర్తుందా? అప్పుడు మా గిర్నికి గోధుమలు రావడమే తగ్గింది. ఇప్పుడు దాని పేరు కీటో. రోజు మొత్తానికి పిండిపదార్థం యాభై గ్రాములు దాటకూడదు. మన అరవై గ్రాముల జొన్న రొట్టె ఒక్కటి తింటే ఇక ఆ రోజుకు దాదాపు దుకాణం బంద్. అందుకని బాదం పిండితో రొట్టె చేస్తారట. ఒక ఇంజనీరు పిల్ల రెండు కిలోల బాదం పట్టుకొచ్చి పట్టమంది. బాదం రాళ్లలో పోస్తే నూనె దిగి, పిండి పేస్టులా అతుక్కుని, రాళ్లు మూసుకుపోతాయి. తర్వాత వచ్చినవాళ్ల గోధుమలన్నీ వాసన పడతాయి. వద్దమ్మా, మిక్సీలో కొంచెం కొంచెంగా ఆపి ఆపి తిప్పుకో అని పంపించాను. బాదం కిలో ధరకు ఎన్ని కిలోల పెసర్లు వస్తాయో లెక్క వేసుకోమని కూడా అన్నాను. నొచ్చుకుందో ఏమో.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. షుగర్ గోలీలు వేసుకుంటూ ఒక్కసారిగా అన్నం, రొట్టె రెండూ బంద్ పెట్టొద్దు. మా వాడకట్టులో ఒక పెద్దాయన గ్లిమిపిరైడ్ గోలీ ఎప్పటిలాగే వేసుకుని, రాత్రి మజ్జిగ తాగి పడుకుంటే తెల్లారేసరికి చెమటలు, వణుకు, మాట తడబాటు. కోడలు గాభరా పడకుండా చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి నిలబడ్డాడు. ఆ గోలీ అయినా, ఇన్సులిన్ అయినా, తిండి తగ్గితే మోతాదూ తగ్గించాల్సి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ గోలీలు వాడేవాళ్లు కీటో జోలికి పోతే రక్తంలో ఆమ్లాలు పెరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. కిడ్నీలు సరిగా లేనివాళ్లు మాంసకృత్తులు పెంచుకునే ముందు డాక్టరును అడగాలి. మీ వ్యాసంలో ఇది ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు కష్టమనిపించింది.

దుకాణాల్లో దొరికే 'డయాబెటిక్', 'మల్టీగ్రెయిన్', 'లో కార్బ్' ఆటాల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను, లేకపోతే గిర్నిదాన్ని కాబట్టి వాటి మీద నాకు అక్కసు అనుకుంటారు. ప్యాకెట్ ముందు వైపు చూడకండి, వెనక్కి తిప్పండి. అందులో ఏమేం ఉన్నాయో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది వెనక రాయాలని రూలు. తొమ్మిది పది ధాన్యాల బొమ్మలు వేసిన ప్యాకెట్ మీద మొదటి పేరు గోధుమ, అదే నూటికి తొంభై వంతులు ఉండడం నేను చూశాను. పక్కనే వంద గ్రాములకు పిండిపదార్థం ఎంతో పట్టిక ఉంటుంది. అది అరవై దాటితే మీ ఇంటి పిండికీ దానికీ తేడా డబ్బులే. సోయా, శనగ, విడిగా తీసిన గ్లూటెన్ కలిపి నిజంగానే తగ్గించినవీ ఉన్నాయి. వాటి ధర నెలంతా భరించగలిగితే తినండి, తప్పు లేదు.

భరించలేనివాళ్లకు మా ఇంట్లో చేసుకునేది చెబుతాను. సర్వపిండి మన వరంగల్, కరీంనగర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. గిన్నప్ప అనండి, తపాల చెక్క అనండి. కానీ అది బియ్యం పిండి. గిన్నె నిండా ఒత్తితే ఒక్క అప్పకే వంద గ్రాముల పిండి, 78 గ్రాముల పిండిపదార్థం. ఆ పద్ధతి ఉంచుకుని లోపలి సరుకు మార్చుకోవచ్చు. లేత ఆనపకాయ తురుముతాను. పిండి కన్నా తురుము ఎక్కువ కనపడాలి. అందులో శనగపిండి ముప్పై గ్రాములు, జొన్న పిండి ఇరవై. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు, నువ్వులు, జీలకర్ర, ఉప్పు. నీళ్లు పోయొద్దు, ఉప్పు తగిలిన ఆనపకాయే నీళ్లు వదులుతుంది. అయిదు నిమిషాలు ఆగి అప్పుడు కలపాలి, ముందే పోస్తే జారుడైపోతుంది. సర్వ గిన్నెకు నూనె రాసి, తడి చేత్తో అంచులదాకా పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె. మూత పెట్టి సన్న మంట మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలి, అంచులు గిన్నెను వదులుతాయి. శనగపిండి వాసన పచ్చిగా ఉన్నంతసేపు దించొద్దు. దీన్ని కర్రతో నెట్టడం కుదరదు, సాగే గుణం ఏదీ లేదు. అందుకే సర్వ.

దీంట్లో పిండిపదార్థం ముప్పైకి అటూ ఇటూ వస్తుంది, మాంసకృత్తులు ఎనిమిది గ్రాములు దాటుతాయి. ఎందుకంటే వంద గ్రాముల శనగపప్పులో పిండిపదార్థం 47 గ్రాములే, మాంసకృత్తులు 21. పైన ఒక గుడ్డు కొట్టి పోస్తే ఇంకా మంచిది. శనివారం వాళ్లు పెరుగు పెట్టుకోండి. పెరుగన్నం కాదు, పెరుగు. మా ఇంటాయన మొదట్లో "ఇదేం అప్ప, పసరు వాసన" అని మూతి ముడిచాడు. ఇప్పుడు రెండోది అడుగుతున్నాడు, అదో కొత్త తలనొప్పి. తిన్న రెండు గంటలకు షుగర్ మిషన్ మీద వచ్చే అంకె చపాతీ-కుర్మా రాత్రులకన్నా తక్కువే ఉంటోంది. ఒక్క ఇంటి సంగతి రుజువు కాదని నాకూ తెలుసు. ఎవరి మిషన్ మీద వాళ్లు చూసుకోవాలి.

అందుకని మీకు నా మనవి ఒక్కటే. ఇకనుంచి రొట్టెల మీద ఏం వేసినా 'రెండు రొట్టెలు' అని వదిలేయకుండా ఒక్కో రొట్టెకు పిండి ఎన్ని గ్రాములో వేయండి. పక్కన ఏ కూరో కూడా వేయండి. డాక్టర్లు కూడా చీటీ మీద అలాగే రాస్తే బాగుండు. వంటింటి కాంటా ఇవాళ మూడు నాలుగు వందలకు దొరుకుతోంది, షుగర్ పరీక్ష స్ట్రిప్పుల డబ్బా ధర కన్నా తక్కువ. అదీ వద్దంటే మా గిర్నికి ముద్ద పట్టుకొస్తే తూచి ఇస్తాను. ఇప్పటికే కొందరు పట్టుకొస్తున్నారు. ఒక రిటైర్డ్ సారు చపాతీ ముద్దను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నడకకు వస్తూ వస్తూ తూపించుకుని పోతాడు.

సర్కారుతో కూడా ఒక మాట ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డుబియ్యం అమ్ముకునే జనం ఇప్పుడు తెచ్చుకుని వండుకుంటున్నారు, మంచి పనే. కానీ ఆరు కిలోలంటే రోజుకు రెండు వందల గ్రాములు, అందులో 156 గ్రాముల పిండిపదార్థం. ఉచితంగా చేతికి వచ్చేది అదొక్కటే అయినప్పుడు కూలీ చేసుకునే ఇల్లు కడుపు దేంతో నింపుకుంటుంది? పప్పు కిలో ధర చూసి కందిపప్పులో నీళ్లు పెంచే ఇళ్లు నాకు తెలుసు. అలాంటి ఇంటికి పోయి గుడ్డు, పప్పు, చేపలు పెంచుకోండి, పిండి తగ్గించుకోండి అని నేను ఏ మొహంతో చెప్పను? 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చినప్పుడు అందులో కందిపప్పు ఉండేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మన రైతులే కందులు తెస్తారు. మనిషికి ఒక కిలో కందిపప్పో శనగపప్పో పెసర్లో బియ్యంతో పాటు ఇవ్వమని మీ పత్రిక గట్టిగా రాయాలి. ఇస్తే మా గిర్నిలో శనగపప్పుకు వేరే రాళ్ల జత వేయాల్సి వస్తుంది. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
పిండి గిర్ని నడుపుకునే ఒక పాఠకురాలు,
హనుమకొండ.